స్వభావం ఎవరి సొత్తు?

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట మీద 2024లో తవ్వకాలు సాగుతుండగా ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒక్కోటి సగటున రెండు గ్రాముల పైచిలుకు బరువు. ఒక ముఖాన ఏనుగు, రెండో ముఖాన ఉజ్జయిని గుర్తు. అవి ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖ తేల్చింది. ఆ రాజ్యం పోయింది, గుట్ట మీది బౌద్ధ విహారం కూలింది, కుండ దాచిన చేతులు ఎవరివో చెప్పేవారు లేరు. సుమారు పదిహేడు వందల ఏళ్లు గడిచినా లోపలి సీసం మాత్రం సీసంగానే ఉంది. ఆ గుట్టకు ఎంతో దూరం లేని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హైస్కూళ్లలో పిల్లలు అదే సీసాన్ని ఆవర్తన పట్టికలో 82వ గడిలో చూస్తారు. గడి సంఖ్య కంఠస్థం చేస్తారు, గ్రూపు చెబుతారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఆ గడి వెనక ఒక పాత ప్రశ్న కూర్చుని ఉంది. సీసాన్ని సీసంగా నిలిపేది దానికే సొంతమైన, ఎవరి మీదా ఆధారపడని స్వభావమా? లేక ఇతరాలతో దానికున్న సంబంధాల కూర్పునే మనం స్వభావం అని పిలుస్తున్నామా? ఫణిగిరిలో భిక్షువులు మసలిన కాలానికే ఈ దేశంలో ఈ వాదం వేడిగా నడుస్తోంది.

ఒక పక్షం వైశేషికులది. కణాదుడు ప్రవర్తకుడిగా చెప్పే ఆ దర్శనం ప్రకారం పృథివి, జలం, తేజస్సు, వాయువులకు వేర్వేరు పరమాణువులు ఉన్నాయి. అవి నిత్యాలు, వాటికి భాగాలు లేవు. పృథివికి గంధం, జలానికి చల్లదనం, తేజస్సుకు వేడి ఎవరో ఇచ్చినవి కావు, వాటికే చెందినవి. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు ఈ శాస్త్రాన్ని పిల్లలకు అందేలా ‘తర్కసంగ్రహం’గా కుదించాడు. నేటికీ తర్కం మొదలుపెట్టేవారికి అదే మొదటి పుస్తకం. బౌద్ధుల్లో కూడా సర్వాస్తివాదులు పరమాణువులను ఒప్పుకుని, ఒక్కో ధర్మానికి ఒక్కో స్వభావం ఉందన్నారు. రెండో పక్షం ఆచార్య నాగార్జునుడిది. హేతువుల వల్ల పుట్టేది, ఇతరాల మీద ఆధారపడి నిలిచేది ఏదైనా సరే, దానికి స్వతంత్రమైన స్వభావం ఉండజాలదని ఆయన వాదించాడు. ఆ లేమికే శూన్యత అని పేరు పెట్టాడు. మిర్యాలగూడకు పైన, సాగర్ నీళ్ల కింద మునిగిన విజయపురి లోయకు ఆయన పేరు అంటుకుంది. కోదాడ దాటితే వచ్చే జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన శాసనం నాగార్జునాచార్యుడి శిష్య పరంపరను పేర్కొంటుంది. శాసనం తర్వాతి కాలానిది కనుక ఆ నాగార్జునుడు ఈ దార్శనికుడే అని తీర్పు చెప్పలేం. నా వాదానికి ఆ తీర్పు అవసరం కూడా లేదు. నేను చెప్పదలచింది ఒకటే: హైస్కూలు గోడకు వేలాడే ఆవర్తన పట్టికను నిదానంగా చదివితే, సాక్ష్యం రెండో పక్షానికే మొగ్గుతుంది. ఆ మొగ్గు మన నేల మీద మనుషుల బతుకుకు సంబంధించిన విషయం కూడా.

పట్టికలో ఒక్క నిలువు వరుసను తీసుకుందాం. పద్నాలుగో గ్రూపు: కార్బన్, సిలికాన్, జెర్మేనియం, తగరం, సీసం. ఈ వరుస ఈ ప్రాంతం గుండానే సాగుతుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున, ఇప్పుడు పులిచింతల జలాశయం పరుచుకున్న చోట, కొల్లూరు గనులు ఒకప్పుడు లోకానికి వజ్రాలను ఇచ్చాయి. వజ్రమంటే కార్బన్. మిర్యాలగూడ రైసు మిల్లుల చుట్టూ పోగుపడే ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఫణిగిరి కుండలోది సీసం. వీటి నడుమ ఉన్న జెర్మేనియం కథే అన్నిటికన్నా ముఖ్యం. 1869లో మెండలీవ్ మూలకాలను పేర్చినప్పుడు లోకానికి తెలిసినవి అరవై మూడు. సిలికాన్ కింద పెట్టడానికి ఆయనకు మూలకం దొరకలేదు. దొరకలేదని వరుసను దగ్గరికి జరపలేదు, గడిని ఖాళీగా వదిలాడు. దానికి సంస్కృతపు ‘ఏక’ చేర్చి ఏక సిలికాన్ అని పేరు పెట్టాడు. పైన సిలికాన్, కింద తగరం, పక్కన ఉన్నవాళ్లు ఎలా ఉన్నారో చూసి, ఇది ఎలా ఉండాలో చెప్పాడు: పరమాణు భారం సుమారు 72, సాంద్రత సుమారు 5.5. 1886లో జర్మనీలో వింక్లర్ జెర్మేనియం కనుక్కున్నాడు. కొలతలు దాదాపు అవే. ఎవరూ చూడని, తాకని, తూచని పదార్థం గుణాలను దాని ఇరుగుపొరుగును బట్టి చెప్పగలిగారంటే, ఆ గుణాలు దాని లోపలే తాళం వేసుకుని కూర్చున్నవని ఎలా అనుకోగలం? గుణాలు ఒంటరివే అయితే చుట్టాలను చూసి వాటిని పోల్చడం కుదిరేది కాదు. ఖాళీ గడి ఆ వరుసలో ఏమీ లేని చోటు అనిపించుకోలేదు. సంబంధాలన్నీ సిద్ధంగా ఉండి, పేరు ఒక్కటే రావలసిన చోటు అది. నాగార్జునుడు శూన్యం అన్న మాటను ‘ఏమీ లేదు’ అనే అర్థంలో వాడలేదని చెప్పడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ పిల్లలకు దొరకదు.

ఇక పరమాణువు లోపలికి వెళ్దాం. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని చూపాడు. భాగాలు లేనిదని పేరు తెచ్చుకున్నదానికి భాగాలు బయటపడ్డాయి. అంతకన్నా లోతైన మాట 1925లో పౌలీ చెప్పాడు. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లూ ఒకే స్థితిలో ఉండవు. పట్టికలోని అడ్డు వరుసలు 2, 8, 8, 18, 18, 32, 32 గడులుగా సాగడానికి మూలం ఈ నియమమే. వైశేషికానికి ఆ పేరు ‘విశేషం’ అనే పదార్థం వల్ల వచ్చింది. ఒకే జాతికి చెందిన రెండు పరమాణువులు అన్ని విధాలా ఒకేలా ఉన్నా, ‘ఇది ఇదే, అది అదే’ అని వేరు చేసే అంతిమ భేదం ఒకటి ప్రతి పరమాణువులోనూ ఉంటుందని వారి సిద్ధాంతం. ఎలక్ట్రాన్లలో సరిగ్గా ఆ విశేషమే లేదు. రెండింటిని తారుమారు చేస్తే ప్రకృతిలో ఏ కొలతా మారదు. ‘నేను ఈ ఎలక్ట్రాన్‌ను’ అని చెప్పుకునే గుర్తు దేనికీ లేదు. ఉన్నదల్లా స్థానం, అమరిక, ఒకటి ఉన్న స్థితిలో మరొకటి ఉండకూడదన్న కట్టుబాటు. సోడియం మెత్తదనం, బంగారం పసుపు, ఇనుము తుప్పు, వజ్రం కాఠిన్యం, పెన్సిల్‌లో గ్రాఫైటు జారుడు ఈ పేరులేని వాటి కూర్పుల నుంచే వచ్చాయి. వజ్రంలోనూ గ్రాఫైటులోనూ ఉన్నది ఒకే కార్బన్. ఒకటి గాజును కోస్తుంది, ఇంకొకటి కాగితం మీద అరిగిపోతుంది. కాఠిన్యం కార్బన్ సొత్తే అయితే గ్రాఫైటుకు ఆ వాటా ఎందుకు అందలేదు?

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. ‘బయటి ఎలక్ట్రాన్లు వస్తాయి, పోతాయి సరే. కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య మాటేమిటి? ఫ్లోరైడు అయాన్, నియాన్ పరమాణువు, సోడియం అయాన్ మూడింటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లే ఉన్నా అవి మూడూ వేరు. తొమ్మిది ప్రోటాన్లున్నది ఫ్లోరిన్, ఎనభై రెండున్నది సీసం. కొలిమిలో వేసినా ఆమ్లంలో ముంచినా ఆ సంఖ్య చెక్కుచెదరదు. అదే స్వభావం.’ ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. 1913లో మోజ్‌లీ ఎక్స్ కిరణాలతో చూపింది ఇదే. మూలకాన్ని గుర్తించేది భారం కాదు, పరమాణు సంఖ్య. బరువెక్కువైన టెల్లూరియం అయోడిన్ కంటే ముందు ఎందుకు కూర్చుందో అప్పుడే తేలింది. కనుక కేంద్రకం స్థిరమైనదని ఒప్పుకుందాం. కానీ స్థిరంగా ఉండడం వేరు, స్వతంత్రంగా ఉండడం వేరు. నల్లగొండ జిల్లాలో సాగర్ జలాశయానికి చేరువలో లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. ఆ రాళ్లలో యురేనియం నిక్షేపాలు ఉన్నాయి. 92 ప్రోటాన్ల యురేనియం 238 తనంతట తానే క్షయం చెందుతూ, పద్నాలుగు అంచెలు దాటి, చివరకు సీసం 206గా నిలుస్తుంది. ఉన్నదాంట్లో సగం అలా మారడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే ఫణిగిరి కుండలోని సీసంలో కొంత ఒకప్పుడు యురేనియమే. తక్కిన సీసం కూడా అనాదిగా ఉన్నది కాదు, సూర్యుడి కన్నా ముందు పుట్టి గిట్టిన నక్షత్రాల్లో తయారైనది. పుట్టుక ఉన్నదానికి, కారణాలు ఉన్నదానికి నిత్యత్వం ఎక్కడిది? సిద్ధ నాగార్జునుడనే రసవాది కొండను బంగారం చేయబోయాడని పాత కథలున్నాయి. దార్శనికుడిదీ ఇతనిదీ పేరు ఒకటే అయినా మనుషులు వేరని పండితుల అభిప్రాయం. రసవాదులు ఓడిపోయింది సీసం స్వభావం నిత్యం కావడం వల్ల కాదు, వారి కొలిమి వేడి కేంద్రకాన్ని తాకలేకపోవడం వల్ల. జెనీవా దగ్గరి సెర్న్‌లో సీసం కేంద్రకాలు మహావేగంతో ఒకదాని పక్కగా ఒకటి దూసుకుపోయినప్పుడు మూడు ప్రోటాన్లు రాలి 79వ మూలకం, అంటే బంగారం, క్షణకాలం ఏర్పడుతోందని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కొన్నేళ్ల ప్రయోగాల్లో పుట్టిన బంగారమంతా కలిపితే గ్రాములో వెయ్యికోట్ల వంతును కూడా అందుకోలేదు. అయినా తత్వానికి ఆ కాస్త చాలు.

రెండో ఆక్షేపణ కూడా పాతదే, నాగార్జునుడి ఎదుటే పెట్టినది. దేనికీ స్వభావం లేకపోతే నియమం ఎక్కడ నిలుస్తుంది? ఉప్పు ఉప్పగానే ఉంటుందన్న నమ్మకం లేకపోతే శాస్త్రం ఎలా సాగుతుంది, ధర్మం ఎలా సాగుతుంది? మూలమధ్యమక కారికల ఇరవై నాలుగో ప్రకరణంలో ఆయన ఈ ప్రశ్నను తీసుకుని తిరగేశాడు. శూన్యత వల్ల లోకవ్యవహారం చెడదు, శూన్యత ఉన్నందుకే అది నడుస్తోంది. ఎవరి మీదా ఆధారపడని వస్తువు మారదు, కలవదు, ఫలించదు అన్నది ఆయన సమాధానం. రసాయన శాస్త్రం ఈ సమాధానాన్ని పరీక్షించి చూపింది. తనలో తానే నిండుగా ఉండే మూలకాన్ని వెతికితే పద్దెనిమిదో గ్రూపులోని జడవాయువులు కనిపిస్తాయి. బయటి కర్పరం నిండి, ఎవరితోనూ పని లేనట్టు ఉంటాయి. చాలాకాలం అవి దేనితోనూ కలవవని పుస్తకాలు ఖాయంగా రాశాయి. 1962లో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడుతో జినాన్‌ను కలిపి సమ్మేళనం తయారుచేశాడు. తగిన తోడు దొరకనంతకాలం ఒంటరితనం స్వభావంలా కనిపించింది, దొరకగానే అదీ ఒక పరిస్థితేనని తేలింది. నియమం మాత్రం పోలేదు, ఇంకా సూక్ష్మమైంది. ఆవర్తన నియమం అన్న మాటకు అర్థమే ఇది. గుణాలు పరమాణు సంఖ్యను అనుసరించి మళ్లీ మళ్లీ వస్తాయి. అనుసరించడం అంటే ఆధారపడడం. ఆధారపడేవాటికే నియమం ఉంటుంది, దేని మీదా ఆధారపడనిదానికి ఏ సూత్రం రాస్తాం?

మూడో ఆక్షేపణ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే దాన్ని నేనూ సగం ఒప్పుకుంటాను. ‘పాత ఆచార్యుల నోట కొత్త శాస్త్రాన్ని పలికించడం మనకు అలవాటైపోయింది. ఇదీ అలాంటిదే కదా?’ నాగార్జునుడికి ఎలక్ట్రాన్ తెలియదు, కణాదుడికి ఆవర్తన పట్టిక తెలియదు. తెలుసని చెబితే వాళ్లకు గౌరవం పెరగదు, పిల్లలకు జ్ఞానం పెరగదు. పట్టిక పుట్టింది ధ్యానంలో కాదు, తక్కెడ దగ్గర, గాజు గొట్టాల దగ్గర, అరవై మూడు మూలకాలను ఓపికగా తూచిన చేతుల్లో. ఆ ఓపికకు నిజానికి వైశేషికులే దగ్గర. వస్తువు మన మనసు బయట ఉంది, దాన్ని లెక్కించవచ్చు, వర్గీకరించవచ్చు అని వారు పట్టుబట్టారు. విభజనకు అంతు లేకపోతే ఆవగింజా మేరువూ సమానమైపోతాయన్న వారి తర్కం నేటికీ అందంగానే ఉంది. మెండలీవ్ మనసు కూడా అటే ఉంది. మూలకాల ప్రత్యేకతను గట్టిగా నమ్మి, ఒక మూలకం ఇంకొకటిగా మారుతుందన్న మాటను చివరిదాకా అంగీకరించలేదు. కానీ పట్టిక తన కర్త నమ్మకాన్ని దాటి మాట్లాడింది. కనుక నేను పోలుస్తున్నది సమాధానాలను కాదు, ప్రశ్నను. స్వభావం సొంతమా, సంబంధమా అన్న ప్రశ్న రెండు కాలాల్లోనూ ఒకటే. అప్పుడు దాన్ని తర్కంతో పరీక్షించారు, ఇప్పుడు ప్రయోగంతో పరీక్షించారు. రెండు దారులు ఒకే దిక్కుకు సాగినప్పుడు ఆ సంగతి చెప్పడం గొప్పలు పోవడం కాదు.

ఈ ప్రశ్న బడి గోడ దాటి ఇళ్లలోకి వచ్చిన చోటు నల్లగొండ నేల. తొమ్మిదో మూలకమైన ఫ్లోరిన్‌కు బయటి కర్పరంలో ఏడు ఎలక్ట్రాన్లు, ఎనిమిదోదాని కోసం విపరీతమైన లాగుడు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు దాదాపు దేన్నైనా కాల్చే వాయువు, 1886లో మ్వాసాన్ వేరుచేసేదాకా ఎందరినో గాయపరిచింది. ఒక ఎలక్ట్రాన్ దొరికి ఫ్లోరైడు అయాన్ అయ్యాక అదే నిమ్మళంగా నీళ్లలో కరిగి ఉంటుంది. లీటరులో కాస్తంత ఉంటే పంటికి బలం, ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మరకలు, ఇంకా పెరిగి ఏళ్లతరబడి ఒంట్లోకి వెళితే బిగుసుకున్న కీళ్లు, వంగిన వెన్ను. ఎముకలో హైడ్రాక్సైడు ఉండే చోటులో, ఇంచుమించు అంతే పరిమాణం, అదే ఆవేశం గల ఫ్లోరైడు వచ్చి కూర్చోవడం ఆ మార్పుకు ఒక మూలం. గ్రానైటు రాళ్లలో కాల్షియం తక్కువగా ఉన్న బోరునీళ్లలో ఫ్లోరైడు కరిగి నిలుస్తుంది, కాల్షియం దండిగా ఉంటే కాల్షియం ఫ్లోరైడుగా అడుగున చేరుతుంది. కోదాడ దాటి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయిలో ఉన్నది ఆ కాల్షియమే. మరి ఫ్లోరిన్ మంచిదా, చెడ్డదా? ఏ తోడు, ఏ మోతాదు, ఏ రాయి, ఏ నీరు అన్నది చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబే లేదు. ఇది తప్పించుకునే మాట కాదు, మందు దొరికే మాట. చెడు ఫ్లోరిన్ స్వభావమైతే చేయగలిగింది లేదు. సంబంధమైతే దాన్ని మార్చవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తేర్చి అడుగుకు దించుతారు. కృష్ణ నీళ్లను ఊళ్లకు పైపుల్లో తేవడం ఇంకా పెద్ద మార్పు. మూలకం అదే, నీరు మారింది.

వంగిన వెన్నును చూసి ‘తలరాత’ అనడం, ‘పూర్వజన్మ కర్మ’ అనడం సులువు. కర్మను బౌద్ధమూ ఒప్పుకుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఒప్పుకుంది. కానీ మనిషి అనుభవించే ప్రతి బాధకూ పాత కర్మే కారణమన్న వాదాన్ని బుద్ధుడు శివకుడనే పరివ్రాజకుడి ముందు తోసిపుచ్చాడని సంయుత్తనికాయం చెబుతుంది. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు లాంటి కారణాలు ఎదుట కనిపిస్తుండగా వాటిని కాదనడం తప్పని ఆయన మాటల సారం. ఇదే చూపును మనుషుల మీద వేసే ముద్రలకూ పెట్టవచ్చు: ‘వాళ్ల రక్తమే అంత’, ‘ఆ పుట్టుకే అలాంటిది’, ‘వీడికి చదువు ఎక్కదు’. పరమాణువుకు స్వభావం లేదు కాబట్టి మనిషికీ లేదని తేల్చేస్తే అది తర్కంలో దూకుడు అవుతుంది. మనిషి ఎలక్ట్రాన్ కాదు, ఒక్కో మనిషికి తనదంటూ ఒక కథ ఉంది. నా మాట అంతకన్నా చిన్నది. ‘లోకంలో ప్రతిదానికీ పుట్టుకతో వచ్చిన మారని గుణం ఉంటుంది, మనుషులూ అంతే’ అని ఎవరైనా ప్రకృతిని సాక్షిగా పిలిస్తే, ప్రకృతి ఆ సాక్ష్యం చెప్పదు. సీసం విషయంలోనే నిలవని వాదాన్ని ఒక బిడ్డ మీద రుద్దడానికి మనకు హక్కు లేదు. రుజువు చూపవలసిన భారం ముద్ర వేసేవారిదే.

అందుకే ఆవర్తన పట్టికను మార్కుల కోసం వల్లెవేయించే పాఠంగా మాత్రమే ఉంచడం పిల్లలకు అన్యాయం. గడిలో ఉన్నది చెప్పించడంతో పాటు, ఆ గడిని మూసి ఇరుగుపొరుగును చూపించి ‘ఇక్కడ ఎవరుండాలి?’ అని అడగాలి. మెండలీవ్ చేసింది అదే. ఊక బూడిదనూ పెన్సిల్ ముక్కనూ సీసాన్నీ ఒకే నిలువు వరుసలో చూడగలిగిన బిడ్డకు, వేరువేరుగా కనిపించేవాటి మధ్య చుట్టరికం వెతకడం అలవాటవుతుంది. తర్కం నేర్పేది అదే, ధర్మం కోరేదీ అదే. ఫణిగిరి కుండలోని సీసాన్నే మళ్లీ చూడండి. అది నాణెం అయ్యింది సీసం కావడం వల్ల కాదు. ఏనుగు ముద్రను రాజు ఒప్పుకున్నందువల్ల, అంగట్లో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ నమ్మినందువల్ల. రాజ్యం పోయిన నాడు ఆ విలువా పోయి, కుండలో లోహం మిగిలింది. ఇప్పుడు ఆ నాణేలతో పిడికెడు బియ్యం కూడా రావు. కానీ ఒక కాలం గురించి అవి చెప్పేది అప్పటి ఏ వర్తకుడూ లెక్కకట్టనంత విలువైనది. ఎనభై రెండు ప్రోటాన్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మారినదంతా ఆ సీసం చుట్టూ ఉన్న మనుషులు.